పొడుగుంటే చాలా? డిర్క్ నొవిట్స్కీ గురించి ప్రతి శనివారం నేను వినే అపోహలు

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఫ్రిస్కోలో నా దగ్గర బాస్కెట్‌బాల్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. పిల్లలు వార్మప్‌లో పరిగెడుతుంటే పెద్దవాళ్ళు పక్కన మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ వొంపుకుంటూ నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, మావాడు ఇంకెంత పొడుగవ్వచ్చు?" డల్లాస్ చుట్టుపక్కలే ఉంటాం కదా, ఆ మాట అక్కణ్ణుంచి తిన్నగా డల్లాస్ మావెరిక్స్‌కి ఆడిన జర్మన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు డిర్క్ నొవిట్స్కీ మీదికి పోతుంది. ఊళ్ళో ఆయన పేరుతో వీధి ఉంది, అరీనా బయట విగ్రహం ఉంది, అందరికీ ఆయన తెలుసు. తెలిసినదాంట్లో సగం మాత్రం తప్పు.

అపోహ: ఏడడుగుల మనిషి, చెయ్యి చాపితే రింగు అందుతుంది, ఇంక గొప్పేముంది?

ముందు దీని సంగతి తేల్చాలి, ఎందుకంటే మిగతా అపోహలన్నీ దీని పిల్లలే. ఏడడుగుల వాళ్ళు ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో) డిర్క్‌కి ముందూ ఉన్నారు, తర్వాతా వచ్చారు. 2015లో ఇదే డల్లాస్ మావెరిక్స్ మన పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్‌ని 52వ పిక్‌గా, అంటే 52వ ఎంపికగా, తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమంలో, ఎంపికైన మొదటి భారతీయుడు. ఏడడుగుల రెండంగుళాలు, అంటే డిర్క్ కంటే పొడుగే. కానీ ఎన్‌బీఏలో ఒక్క సీజన్ మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. అతన్ని తక్కువ చెయ్యడానికి అనడం లేదు, అంతవరకు రావడమే మామూలు విషయం కాదు. పొడుగు గేటు దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్ళాక ఏం చేస్తావన్నది వేరే లెక్క అని చెప్తున్నానంతే.

డిర్క్ చేసిందేమిటంటే, ఆ ఎత్తు మనుషులు అప్పట్లో రింగు కింద వీపు తిప్పి నిలబడి తోసుకుంటుంటే, తను బయటికొచ్చి దూరం నుంచి షాట్ వేశాడు. ఆ షాట్ పుట్టుకతో వచ్చింది కాదు. జర్మనీలో వుర్ట్స్‌బుర్గ్ కుర్రాడు, పదహారేళ్ళ వయసులో హోల్గర్ గెష్విండ్నర్ అనే పెద్దమనిషి కంట్లో పడ్డాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టుకి కెప్టెన్ ఈయన. గణితం, భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. బాంబెర్గ్ దగ్గర రాటెల్స్‌డోర్ఫ్ అనే చిన్న ఊళ్ళో జిమ్ హాల్‌లో పని మొదలుపెట్టి, ఈ కుర్రాడి పొడుగుకి, ఆ చేతులకి షాట్ ఏ కోణంలో వెళ్తే తప్పు జరిగినా బంతి లోపలే పడుతుందో లెక్క కట్టాడు.

లెక్క అంటే భయపడకండి, ఇంట్లో పేపరు మీద మీరే వేసుకోవచ్చు. రింగు వెడల్పు 18 అంగుళాలు, అంటే 45 సెంటీమీటర్ల పైచిలుకు. బంతి అడ్డకొలత 24 సెంటీమీటర్ల దగ్గర. పైనుంచి నిలువుగా దిగే బంతికి మొత్తం రింగు తెరుచుకుని ఉంటుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే ఆ తెరుపు 32 సెంటీమీటర్లకి తగ్గుతుంది. 30 డిగ్రీలకి దించేశారనుకోండి, 23 కూడా ఉండదు, బంతేమో 24. ఇంక అది రింగుకి తగలకుండా లోపలికి పోనే పోదు. చదునుగా విసిరే పిల్లలు "దురదృష్టం కోచ్" అంటుంటే నవ్వొస్తుంది నాకు. నేనూ కాలేజీలో సిమెంటు కోర్టు మీద, నెట్ లేని రింగులోకి అలాగే చదునుగా విసిరి, రింగు వంగిపోయిందని నాలుగేళ్ళు తిట్టుకున్నవాణ్ణే.

కోణం కాక ఇంకా చాలా చేయించాడాయన. వేళ్ళ మీద పుషప్‌లు, కత్తిసాము, పడవ నడపడం, పక్కన ఒకాయన శాక్సోఫోన్ వాయిస్తుంటే ఆ లయకి అడుగులు వెయ్యడం. బరువులెత్తించడం మాత్రం మొదట్లో దాదాపు లేదు. చూసినవాళ్ళకి పిచ్చిగా ఉండేది, ఆయన కూడా తన పద్ధతికి 'అనువర్తిత అల్లరి సంస్థ' అన్నట్టు వెటకారంగా ఓ పేరు పెట్టుకున్నాడు. కానీ డిర్క్ ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసే ఆ ఫేడ్‌అవే చూడండి. మోకాలు పైకి లేచి డిఫెండర్‌ని దగ్గరికి రానివ్వదు, ఒళ్ళు వెనక్కి పోతుంది, బంతి మాత్రం నిలకడగా పైకి లేస్తుంది. బ్యాలెన్స్ లేనివాడు అది వేస్తే వెల్లకిలా పడతాడు (మా పిల్లలు ప్రతి వారం పడుతూనే ఉంటారు). తర్వాత లెబ్రాన్, డురాంట్ లాంటివాళ్ళు కూడా ఎత్తుకున్నారు ఆ షాట్‌ని.

అపోహ: పాలబుగ్గల వయసు నుంచే ఆ ఒక్క ఆట ఆడి ఉంటాడు

లేదు. నాన్న హ్యాండ్‌బాల్ ఆటగాడు, అమ్మ, అక్క బాస్కెట్‌బాల్. డిర్క్ చిన్నప్పుడు ఆడింది హ్యాండ్‌బాల్, టెన్నిస్. టెన్నిస్‌లో జూనియర్ స్థాయిలో బాగానే ఆడాడు కూడా. డీజేకే వుర్ట్స్‌బుర్గ్ క్లబ్‌లో బాస్కెట్‌బాల్ గట్టిగా మొదలుపెట్టింది టీనేజీలోకి వచ్చాకే. అంత పొడుగు మనిషి పక్కలకి అంత తేలిగ్గా కదలడం చూసినప్పుడల్లా నాకు ఆ టెన్నిసే గుర్తొస్తుంది. ఇది నా అభిప్రాయం, కొలిచి చెప్పింది కాదు. ఆరేళ్ళ పిల్లాణ్ణి తెచ్చి వారానికి ఐదు రోజులు ఇదే ఆడించమనేవాళ్ళకి నేను చెప్పేదొకటే, వాడి చేత ఈత కొట్టించండి, టెన్నిస్ ఆడించండి, చెట్లెక్కనివ్వండి, పదకొండేళ్ళకి తీసుకురండి. చెప్తే వినరు, పక్కవీధి కోచ్ దగ్గర చేర్పిస్తారు. సరే.

అపోహ: ఆటంటే చదువు గంగలో కలిసినట్టే

మన ఇళ్ళలో ఇది అసలు టెన్షన్. డిర్క్ స్కూలు చదువు పూర్తి చేసి, వాళ్ళ దేశంలో యూనివర్సిటీకి వెళ్ళడానికి రాసే అబిటూర్ పరీక్ష పాసయ్యాడు. 1997 సెప్టెంబరు నుంచి 1998 జూన్ దాకా జర్మన్ సైన్యంలో తప్పనిసరి సర్వీసు కూడా చేశాడు. ఆ మధ్యలోనే, 1998 మార్చిలో, శాన్ ఆంటోనియోలో జరిగిన హూప్ సమ్మిట్ మ్యాచ్‌లో అమెరికా జూనియర్ల మీద 33 పాయింట్లు, 14 రీబౌండ్లు (గురి తప్పిన బంతుల్ని పట్టుకోవడం) కొట్టి అందరి నోళ్ళూ మూయించాడు. అప్పటికి ఆడుతున్న క్లబ్ జర్మనీలో రెండో డివిజన్‌ది. రెండో డివిజన్!

అపోహ: మిల్వాకీ జట్టు వాళ్ళు ఏమీ తెలియక డిర్క్‌ని వదిలేసుకున్నారు

1998 డ్రాఫ్ట్‌లో 9వ పిక్‌గా పేరు పిలిచింది మిల్వాకీయే, కానీ అది ముందే మాట్లాడుకున్న ఒప్పందం. డల్లాస్ 6వ పిక్‌లో తీసుకున్న రాబర్ట్ ట్రేలర్ అటు, డిర్క్, పాట్ గ్యారిటీ ఇటు. ఆ గ్యారిటీని ఫీనిక్స్‌కి పంపిన డీల్‌లోనే స్టీవ్ నాష్ వచ్చాడు. ఒక్క రోజులో ఇద్దరు భవిష్యత్ ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాళ్ళు) చేతికొచ్చారన్నమాట. ఇలాంటి బేరం మళ్ళీ ఎవరికైనా కుదిరిందంటే నేను నమ్మను.

అపోహ: వచ్చీ రాగానే స్టార్ అయిపోయాడు

మొదటి సీజన్ అంకెలు చూడండి. లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్ళకీ గొడవొచ్చి ఆట ఆగిపోవడం) వల్ల 50 మ్యాచ్‌లకి కుదించిన 1998-99 సీజన్ అది. సగటున 8.2 పాయింట్లు. మూడు పాయింట్ల షాట్లు 68 వేస్తే పడ్డవి 14. ప్రపంచంలోనే గొప్ప షూటర్లలో ఒకడు అవ్వబోయే మనిషి! ఇంటి మీద బెంగ, తన సత్తా మీద అనుమానం, తిరిగి జర్మనీ వెళ్ళిపోదామా అన్న ఆలోచన, అన్నీ ఉన్నాయి. కోచ్ డాన్ నెల్సన్ మాత్రం షాట్ వెయ్యొద్దని అనలేదు. మరుసటి ఏడు సగటు 17.5కి వెళ్ళింది. మా దగ్గర రెండు టోర్నమెంట్లు ఓడిపోగానే పిల్లాణ్ణి మాన్పించేసే తల్లిదండ్రులకి ఆ 68లో 14 అన్న లెక్క కాగితం మీద రాసి ఇస్తుంటాను.

అపోహ: యూరప్ వాళ్ళు మెత్తన, అసలు టైమ్‌లో చేతులెత్తేస్తారు

ఈ మాట ఆయన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది, దానికి కారణాలు లేకపోలేదు. 2006 ఫైనల్స్‌లో మయామీ మీద 2-0 ఆధిక్యంలో ఉండి, మూడో మ్యాచ్‌లో కూడా ఆఖరి క్వార్టర్లో 13 పాయింట్ల ముందంజలో ఉండి, డల్లాస్ ఓడిపోయింది. ఆ మ్యాచ్ చివరి క్షణాల్లో స్కోరు సమం చేసే ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్) తప్పింది ఎవరనుకున్నారు, డిర్కే. సిరీస్ 4-2తో పోయింది. మరుసటి ఏడాది జట్టు 67 మ్యాచ్‌లు గెలిచింది, ఎంవీపీ డిర్క్‌కే, యూరప్ నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటివాడు. కానీ ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) మొదటి రౌండ్లోనే ఎనిమిదో సీడ్, అంటే అర్హత పొందినవాళ్ళలో అట్టడుగున ఉన్న, గోల్డెన్ స్టేట్ చేతిలో చిత్తు. అవతలి కోచ్ ఎవరో తెలుసా? అదే డాన్ నెల్సన్, డిర్క్ బలహీనతలన్నీ తెలిసినవాడు. ఆఖరి మ్యాచ్‌లో 13 షాట్లకి 2 పడ్డాయి. ఆ రాత్రి ఓక్లాండ్‌లో కోపంతో చెత్తడబ్బా విసిరితే గోడకి కన్నం పడింది, వాళ్ళు దాన్ని పూడ్చకుండా జ్ఞాపకంగా ఉంచుకున్నారు. ఎంవీపీ ట్రోఫీ ఈ ఓటమి తర్వాత చేతికిచ్చారు. ఆ ఫొటోలో మొహం చూస్తే అభినందించాలో ఓదార్చాలో తెలియదు. ఆ వేసవిలో గెష్విండ్నర్‌తో కలిసి ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాలన్నీ తిరిగొచ్చాడు.

ఇక 2011కి వద్దాం. ఓక్లహామా మీద పశ్చిమ విభాగం ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 48 పాయింట్లు, ఫ్రీ త్రోలు 24కి 24. ఇరవై నాలుగు! ఒకసారి మీరు ఖాళీ హాల్‌లో, ఎవరూ అరవకుండా, 24 వరసగా వేసి చూడండి. గీత దగ్గర లయ తప్పకుండా ఉండటానికి లోలోపల పాట పాడుకునేవాడు, ఈ చిట్కా మా పిల్లలకి బాగా నచ్చింది, ఇప్పుడు గీత దగ్గర నిలబడి అందరూ ఏదో ఒక తెలుగు పాట గొణుగుతుంటారు. ఫైనల్స్‌లో మళ్ళీ మయామీ, ఈసారి లెబ్రాన్, వేడ్, బాష్ ముగ్గురూ ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే ఎడమ చేతి మధ్యవేలి స్నాయువు తెగింది. రెండో మ్యాచ్‌లో 15 పాయింట్లు వెనకబడ్డ జట్టు లేచొచ్చి గెలిచింది, ఆ గెలుపు లేఅప్ (రింగు దగ్గరికెళ్ళి వేసే షాట్) వేసింది ఆ ఎడమ చేత్తోనే. నాలుగో మ్యాచ్ 101 డిగ్రీల జ్వరంతో ఆడి గెలిపించాడు. ఆరో మ్యాచ్ మొదటి సగంలో 12 షాట్లకి ఒక్కటే పడింది, అయినా వెయ్యడం ఆపలేదు, రెండో సగంలో 18 పాయింట్లు. మ్యాచ్ అయిపోగానే టేబుల్ దూకి, ఎవరికీ కనిపించకుండా డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాడు. మెత్తనివాడే మరి.

అపోహ: జర్మనీలో ఆయనొక్కడే, మొదటివాడూ ఆయనే

డెట్లెఫ్ ష్రెంప్‌ఫ్ పేరు విన్నారా? 1985లో 8వ పిక్, మూడుసార్లు ఆల్‌స్టార్. అదే డ్రాఫ్ట్‌లో 17వ పిక్ ఊవే బ్లాబ్, ఆయనా జర్మనే. ఇద్దర్నీ తీసుకుంది ఎవరంటే, డల్లాసే! డిర్క్ అప్పటికి ఏడేళ్ళ పిల్లాడు. 1993లో మ్యూనిక్‌లో జర్మనీ యూరోబాస్కెట్ (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్) కూడా గెలిచింది. డిర్క్ వచ్చాక 2002 ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2005 యూరోబాస్కెట్‌లో రజతం, రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు ఆయనే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి జట్టుని లాక్కెళ్ళి, అక్కడ దేశం జెండా పట్టుకుని నడిచాడు. కానీ జర్మనీ బంగారు ప్రపంచకప్ ఎత్తింది ఆయన లేకుండానే. 2023లో మనీలాలో సెర్బియాని 83-77తో ఓడించారు, బ్రౌన్‌ష్వైగ్ కుర్రాడు డెనిస్ ష్రూడర్ ఎంవీపీ. ష్రూడర్ ఆరడుగుల పైన ఒకట్రెండు అంగుళాలు ఉంటాడంతే, చిన్నప్పుడు స్కేట్‌బోర్డింగ్ పిచ్చి. పొడుగు గురించి అడిగే నాన్నలకి ఈమధ్య డిర్క్ వీడియో మానేసి ఇతని వీడియోనే చూపిస్తున్నాను.

అపోహ: ఇంకెవరూ పిలవలేదు కాబట్టి డల్లాస్‌లోనే ఉండిపోయాడు

2014లో లేకర్స్, హ్యూస్టన్ రెండూ పెద్ద మొత్తాలతో పిలిచాయి. వాటిని కాదని మూడేళ్ళకి సుమారు రెండున్నర కోట్ల డాలర్లకి డల్లాస్‌తో సంతకం పెట్టాడు. 21 సీజన్లు ఒకే జట్టుకి. 31,560 పాయింట్లు, రిటైరయ్యేనాటికి ఎన్‌బీఏ చరిత్రలో ఆరో స్థానం.

అపోహ: 41 ఆయనకి కలిసొచ్చిన జెర్సీ నంబరు, జాతకం చూసి తీసుకున్నాడు

ఇది మా కుర్చీల బ్యాచ్ సొంత కల్పన, న్యూమరాలజీ నమ్మే ఒకాయన మొదలుపెట్టాడు. నాలుగూ ఒకటీ కలిపితే అయిదట, బుధుడట. జర్మనీలో ఆయన నంబరు 14. డల్లాస్‌కి వచ్చేసరికి 14 వేరే ఆటగాడి ఒంటి మీద ఉంది. తిరగేసి 41 వేసుకున్నాడు. ఆ ఒకాయన కాఫీ తాగుతూ విని, కాసేపాలోచించి, "తిరగేసినా అయిదే కదా అన్నా" అన్నాడు.