తీసేయిస్తే పోదూ?

మగవాళ్లకుండే ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేల్చిన బయాప్సీ రిపోర్టు వచ్చిన రాత్రి మా మావయ్య దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, వేలు పెట్టి ఒకే లైను మళ్లీ మళ్లీ చదివాడు. గ్లీసన్ స్కోరు 3+3=6. "పదికి ఆరంటే సగం దాటిపోయింది కదరా" అన్నాడు. కాసేపాగి, "తీసేయిస్తే పోదూ?" అన్నాడు.

ముందు ఆ ఆరు సంగతి చెప్పాలి. డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1960లలో ఈ లెక్క మొదలుపెట్టాడు. మైక్రోస్కోపు కింద కణాల అమరిక మామూలు గ్రంథిని పోలి ఉంటే తక్కువ మార్కు, చెదిరిపోయేకొద్దీ ఎక్కువ. ముఖ్యంగా కనిపించే రెండు అమరికల మార్కులు కూడితే స్కోరు. అయితే ఈ రోజుల్లో బయాప్సీలో 3 కంటే తక్కువ మార్కు దాదాపు ఎవరూ వేయరు. అంటే 6 సగం కాదు, అట్టడుగు మెట్టు. ఈ గందరగోళం పోగొట్టాలనే 2014లో 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూపులు తెచ్చారు. మావయ్యది గ్రూప్ 1. పీఎస్‌ఏ, అంటే రక్తంలో కొలిచే ప్రొస్టేట్ ప్రొటీన్, 10 లోపే, క్యాన్సర్ ప్రొస్టేట్ దాటలేదు. డాక్టర్ల భాషలో "లో రిస్క్", ముప్పు తక్కువ.

ప్రొస్టేట్‌లోనే ఉన్న క్యాన్సర్‌కి ఏ దారి మేలో తేల్చడానికి బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 1999 నుంచి 2009 దాకా 50–69 ఏళ్ల మగవాళ్లు 82 వేల మందికి పైగా పీఎస్‌ఏ పరీక్ష చేశారు. క్యాన్సర్ తేలినవాళ్లలో 1,643 మంది ఒప్పుకుంటే, లాటరీ తీసినట్టు మూడు దారులకు పంచారు: ఆపరేషన్, రేడియేషన్, వెంటనే ఏ వైద్యమూ చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండడం. ఎక్కువమందిది గ్లీసన్ 6. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఆపరేషన్ వర్గంలో 2.2 శాతం, రేడియేషన్‌లో 2.9, కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో 3.1. తేడా ఉందని చెప్పడానికి ఇది చాలదు. అన్ని కారణాలూ కలిపి చనిపోయినవాళ్లు దాదాపు 22 శాతం.

ఒక అంకె మాత్రం దాచకూడదు. క్యాన్సర్ వేరే చోటికి పాకడం కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో 9.4 శాతం, మిగతా రెండు వర్గాల్లో ఇంచుమించు 5. పాకితే హార్మోన్ వైద్యం తప్పకపోవచ్చు.

ఇక "తీసేయిస్తే పోదూ" అన్న మాట. ప్రొస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. అంగస్తంభనకు కావాల్సిన సన్నటి నరాలు దాని రెండు పక్కలా అంటిపెట్టుకునే వెళ్తాయి. 1982లో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ ఆ నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేయడం మొదలుపెట్టాడు. అయినా నష్టం పూర్తిగా తప్పలేదు. ప్రొటెక్ట్ పరిశోధనలోనే ఆపరేషనైన ఆరు నెలలకు 46 శాతం మంది మూత్రం లీకై ప్యాడ్లు వాడుతున్నారు. ఆరేళ్లకు అది 17 శాతానికి దిగింది. రేడియేషన్ వర్గంలో అప్పటికి 4 శాతమే. మొదట్లో 67 శాతం మందికి అంగస్తంభన బాగానే ఉండేది. ఆరు నెలలకు ఆపరేషన్ వర్గంలో 12, రేడియేషన్‌లో 22, కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో 52 శాతం మిగిలారు. మన దగ్గర "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్‌తో వేరే ఇబ్బంది: కొందరికి విరేచనంలో రక్తం పడుతుంది.

ఈ విషయాలు మన ఇళ్లలో ఎవరూ నోరు తెరిచి అడగరు. కొడుకులు పక్కనుంటే డాక్టరునీ అడగరు. మావయ్య కూడా నన్ను బయట కూర్చోమని చెప్పి ఒక్కడే లోపలికెళ్లాడు. అదే మంచిదైంది. సర్జన్‌ని కలిస్తే ఆపరేషన్ గురించి, రేడియేషన్ డాక్టర్‌ని కలిస్తే రేడియేషన్ గురించే ఎక్కువ వింటాం. అందుకని నా మాటగా చెబుతున్నాను: ఇద్దరినీ కలవండి, బయాప్సీ స్లైడ్లు ఇంకో పాథాలజిస్టుకి చూపించండి. లో రిస్క్ అయితే దానికి కావాల్సినంత సమయం ఉంటుంది.

ఇదంతా అందరికీ వర్తించదు. గ్లీసన్ 8 గానీ అంతకు మించి గానీ ఉన్నా, పీఎస్‌ఏ 20 మించినా ఊరికే చూస్తూ కూర్చోకూడదు. మన ఊళ్లలో చాలామంది నడుంనొప్పితో, క్యాన్సర్ ఎముకలకు పాకాకే ఆస్పత్రికి వస్తారు. వాళ్లకు మొదట కావాల్సింది మగ హార్మోన్‌ని తగ్గించే వైద్యం. దాని దారి 1941లో చూపించిన చార్లెస్ హగిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి కొనలేనివాళ్లు ఆ హార్మోన్ తయారయ్యే వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌కి ఒప్పుకుంటారు.

కనిపెట్టుకుని ఉండడమంటే వదిలేయడం కాదు. కొన్ని నెలలకోసారి పీఎస్‌ఏ, అవసరమైతే ఎమ్మారై, మళ్లీ బయాప్సీ. ప్రొటెక్ట్‌లో ఆ వర్గంలోనూ పదిహేనేళ్లలో 61 శాతం మంది ఏదో ఒక వైద్యం చేయించుకున్నారు. పావువంతు మంది ఏ వైద్యమూ లేకుండానే బతికున్నారు. ఒంట్లో క్యాన్సర్ ఉందన్న టెన్షన్ భరించలేని మనిషికి ఆపరేషనే సరైనది కావచ్చు, అందులో తప్పేం లేదు.

మావయ్య ఆగడానికే ఒప్పుకున్నాడు. ఇప్పటికి నాలుగు పరీక్షలయ్యాయి, అంకె పెద్దగా కదల్లేదు. ఆయన నిశ్చింతగానే ఉన్నాడు. అత్తయ్యే, రిపోర్టు రావాల్సిన ముందు రోజు రాత్రి నిద్రపోదు.