ఆకులోని తొలి కాంతి చర్యలు: అపోహలు - వాస్తవాలు

కిరణజన్య సంయోగక్రియ అనగానే ఎవరికైనా పిండిపదార్థం, ఆక్సిజన్ గుర్తుకు వస్తాయి. నా పని ఆ రెండింటికీ ఎంతో ముందు జరిగే ఘట్టం మీద. ఒక ఫోటాన్ పత్రహరితాన్ని తాకుతుంది, ఆ శక్తి పక్కపక్కనున్న పత్రహరిత అణువుల మీదుగా చర్యా కేంద్రానికి చేరుతుంది, అక్కడ ఒక ఎలక్ట్రాన్ తన అణువును విడిచి పక్క అణువుకు వెళ్లిపోతుంది. పాలకూర నుంచి రెండో కాంతి వ్యవస్థ (ఆకులో కాంతిని అందుకునే రెండు ప్రోటీను సముదాయాలలో నీటి నుంచి ఎలక్ట్రాన్లు తీసేది) చర్యా కేంద్రాన్ని విడదీసి 1989లో వాసిలెవ్‌స్కీ, గోవింద్‌జీ, వారి సహచరులు కొలిచినప్పుడు ఈ బదిలీకి సుమారు 3 పికోసెకన్లు పడుతుందని తేలింది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఆహారం తయారీలో వెలుతురు నేరుగా చేసే పని ఈ ఎలక్ట్రాన్‌ను కదిలించడమే, తక్కినవన్నీ దాని వెనుక వరుసగా జరిగే రసాయన చర్యలు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టకపోవడం వల్లనే ఈ విషయంలో ఇన్ని అపోహలు తిరుగుతున్నాయని నా నమ్మకం.

అపోహ: మొక్క కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి కార్బన్‌ను తాను ఉంచుకుంటుంది, ఆక్సిజన్‌ను మనకు వదులుతుంది.

వాస్తవం: మొక్క వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది. లోపలికి వెళ్లేది ఒక వాయువు, బయటికి వచ్చేది మరొక వాయువు కనుక రెండింటికీ ముడిపెట్టడం సహజమే, శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. ఊదారంగు గంధక బ్యాక్టీరియా నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకొని, ఆక్సిజన్‌కు బదులు గంధకాన్ని మిగులుస్తుందని గమనించిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త వాన్ నీల్, అలాగైతే మొక్కల్లో ఆక్సిజన్ నీటి నుంచే రావాలని 1930లలో వాదించారు. కేంబ్రిడ్జిలో రాబిన్ హిల్ 1937లో ఆకుల నుంచి హరితరేణువులను వేరుచేసి, వాటికి ఎలక్ట్రాన్లను అందుకునే ఇనుప లవణాన్ని ఇచ్చి వెలుతురులో ఉంచితే, కార్బన్ డయాక్సైడ్‌తో పని లేకుండానే ఆక్సిజన్ వెలువడింది. 1941లో రూబెన్, కామెన్ తదితరులు బరువైన ఆక్సిజన్-18 ఐసోటోపు ఉన్న నీటిని క్లోరెల్లా నాచుకు ఇచ్చి చూస్తే, వెలువడిన వాయువులోని ఐసోటోపు పాలు నీటిలోని పాలుతో సరిపోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బైకార్బనేట్ (కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే ఏర్పడే రూపం) లేకపోతే హిల్ చూపిన ఆ చర్య బాగా మందగిస్తుందని జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ చూపి, దానిని బట్టి ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుందని పట్టుబట్టారు. ఆయన చూసింది నిజమే కానీ దానికి చెప్పుకున్న అర్థం సరికాదు. బైకార్బనేట్ రెండో కాంతి వ్యవస్థలో ఎలక్ట్రాన్లను చేరవేసే క్వినోన్లు అనే రెండు అణువుల నడుమ ఉన్న ఇనుప పరమాణువును అంటిపెట్టుకొని ఎలక్ట్రాన్ల దారిని సాఫీగా ఉంచుతుంది. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో గోవింద్‌జీ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఈ చిక్కును చాలావరకు విప్పింది.

అపోహ: వెలుతురు నీటి అణువును తాకి పగలగొడుతుంది.

వాస్తవం: పాఠ్యపుస్తకాల్లోని ‘నీటి కాంతి విశ్లేషణ’ అన్న మాటే ఈ పొరపాటుకు చోటిస్తోంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి రోజంతా ఎండలో పెట్టినా అవి విడిపోవు, ఎందుకంటే కంటికి కనిపించే కాంతిని నీరు దాదాపుగా పీల్చుకోదు. ఆకులో కాంతి తాకేది పత్రహరితాన్ని. ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న పి680 అనే పత్రహరిత జట్టు, జీవకణాల్లో మనకు తెలిసిన అత్యంత బలమైన ఆక్సీకారకాలలో ఒకటిగా మారి, పక్కనే ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. టైరోసిన్ ఆ లోటును మాంగనీసు గుచ్ఛం నుంచి పూడ్చుకుంటుంది. నీటికి ఎదురుపడేది ఆ గుచ్ఛమే. అందులో 4 మాంగనీసు, 1 కాల్షియం, 5 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయని, వాటి అమరిక వంకరపోయిన కుర్చీలా ఉంటుందని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఉమెనా, కవకామి, షెన్, కమియా 1.9 ఆంగ్‌స్ట్రాం (ఆంగ్‌స్ట్రాం అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) స్పష్టతతో చూపారు.

రెండు నీటి అణువుల నుంచి ఒక ఆక్సిజన్ అణువు రావాలంటే 4 ఎలక్ట్రాన్లు తీయాలి, కానీ చర్యా కేంద్రం ఒక్కసారికి ఒక్కటే తీయగలదు. ఈ లెక్క ఎలా కుదురుతుందన్న ప్రశ్నకు 1969లో పియరీ జోలియో బృందం ఇచ్చిన జవాబు నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. చీకటిలో ఉంచిన హరితరేణువుల మీద అతి చిన్న మెరుపులను ఒకదాని వెంట ఒకటి పంపి, ప్రతి మెరుపుకూ వెలువడే ఆక్సిజన్‌ను వారు కొలిచారు. మొదటి మెరుపుకు దాదాపు ఏమీ రాలేదు, మూడోదానికి ఎక్కువగా వచ్చింది, ఆ తరువాత ప్రతి నాలుగో మెరుపుకూ ఆ ఎత్తు తిరిగి కనిపిస్తూ క్రమంగా సన్నగిల్లింది. గుచ్ఛం ఒక్కో మెరుపుకు ఒక్కో మెట్టు ఎక్కుతుందని, నాలుగు మెట్లు పూర్తయ్యాకే ఆక్సిజన్‌ను వదులుతుందని, చీకటిలో అది ఎక్కువగా ఒక మెట్టు ఎక్కిన స్థితిలోనే నిలుస్తుంది కనుక తొలి ఫలితం మూడో మెరుపుకు వస్తుందని బెస్సెల్ కోక్ బృందం 1970లో వివరించింది.

అపోహ: రావిచెట్టు రాత్రివేళ కూడా ఆక్సిజన్ ఇస్తుంది.

వాస్తవం: పై మెట్లను ఎక్కించేది కాంతే కనుక చీకటిలో ఏ మొక్కా నీటి నుంచి ఆక్సిజన్ తీయలేదు. రావి, తులసి, కలబంద దేనికీ ఇందులో మినహాయింపు లేదు. కలబంద వంటి కొన్ని మొక్కలు రాత్రివేళ పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుంటాయి. ఆ సంగతే చేతులు మారి ఈ ప్రచారంగా తేలినట్టుంది. రావిచెట్టు మీద భక్తికి ఈ ఆధారం అక్కరలేదు.

అపోహ: ఆకు పచ్చని కాంతిని వాడుకోదు, అందుకే పచ్చగా కనిపిస్తుంది.

వాస్తవం: విడదీసిన పత్రహరిత ద్రావణం పచ్చని కాంతిని చాలా తక్కువగా పీల్చుకుంటుంది, అది నిజం. అయితే ఆకు ద్రావణం కాదు. ఆకు లోపల గాలి ఖాళీల మధ్య కాంతి అటూ ఇటూ చెదిరి, పత్రహరితం మీదుగా మళ్లీ మళ్లీ పోతుంది కనుక, మామూలు ఆకు తన మీద పడిన పచ్చని కాంతిలో సగానికి పైగానే పీల్చుకుంటుంది. ఎరుపు, నీలం కాంతులు పై పొరల్లోనే ఆగిపోగా, పచ్చని కాంతి లోపలి పొరల్లోని హరితరేణువులకు చేరుతుంది. మేము చీకటి గదిలో నమూనాలు సిద్ధం చేసేటప్పుడు మసక పచ్చ దీపం పెట్టుకుంటాము. దానిని చూసిన విద్యార్థులు పచ్చని కాంతి మొక్కకు పనికిరాదని అనుకుంటారు. అది ఎలక్ట్రాన్లను తక్కువ కదిలిస్తుందనే ఆ దీపం, అసలు కదిలించదని కాదు, అందుకే వీలైనంత మసకగా పెట్టుకుంటాము.

అపోహ: నిష్కాంతి చర్యలు రాత్రి జరుగుతాయి.

వాస్తవం: ఇవి కార్బన్ డయాక్సైడ్ నుంచి పిండిపదార్థాన్ని తయారుచేసే చర్యలు, ఆ పేరు వాటికి కాంతి నేరుగా అవసరం లేదని మాత్రమే చెబుతుంది. అవి నడిచేది పగలే, ఎందుకంటే వాటికి కావలసిన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే శక్తిని మోసే అణువులు కాంతి చర్యల నుంచే అందాలి, పైగా వాటిలోని కొన్ని ఎంజైములను మేల్కొలిపేది కూడా కాంతి కదిలించిన ఎలక్ట్రాన్లే.

అపోహ: కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం నూటికి నూరు శాతం.

వాస్తవం: ఇది రెండు వేర్వేరు లెక్కలను కలిపేయడం వల్ల వచ్చిన మాట. మంచి స్థితిలో ఉన్న ఆకులో, పీల్చుకున్న ఫోటాన్లలో అత్యధిక భాగం ఎలక్ట్రాన్‌ను కదిలించగలవు. ఎండలోని మొత్తం శక్తిలో పంటగా మారే భాగం మాత్రం చాలా తక్కువ. వరి వంటి పంటలకు సిద్ధాంతరీత్యా గరిష్ఠ పరిమితి 4.6 శాతమని, మొక్కజొన్న వంటివాటికి 6 శాతమని 2008లో లెక్కగట్టారు. పొలంలో దక్కేది అంతకంటే బాగా తక్కువ.

ఒక ఆక్సిజన్ అణువుకు ఎన్ని ఫోటాన్లు కావాలన్నదే ఒకప్పుడు పెద్ద తగాదా. నాలుగు చాలని వార్‌బర్గ్, కనీసం 8 కావాలని ఆయన శిష్యుడు రాబర్ట్ ఎమర్సన్ వాదించారు. 1948లో గురువు ఇల్లినాయికి వచ్చి నెలల తరబడి ఉన్నా ఇద్దరికీ పొసగలేదు. 680 నానోమీటర్లకు పైబడిన ఎరుపు కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు వచ్చే ఆక్సిజన్ పడిపోయినా, దానికి తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని తోడిస్తే మళ్లీ పుంజుకుంటుందని ఎమర్సన్ 1957లో చూపడంతో రెండు కాంతి వ్యవస్థలు ఉన్నాయన్న ఆలోచనకు బలం వచ్చింది. 4 ఎలక్ట్రాన్లను రెండేసి సార్లు నెట్టాలి కనుక లెక్క 8కి తేలింది. ఆ తీర్పు స్థిరపడేదాకా ఎమర్సన్ బతకలేదు, 1959లో న్యూయార్క్ విమాన ప్రమాదంలో మరణించారు. అలహాబాదు నుంచి ఆయన వద్దకు చదువుకు వెళ్లిన గోవింద్‌జీ, అదే విశ్వవిద్యాలయంలోని రాబినోవిచ్ పర్యవేక్షణలో 1960లో తన పరిశోధన పూర్తిచేశారు.

అపోహ: మొక్కజొన్న చేలో కొట్టే అట్రజిన్ కలుపును ఆమ్లంలా కాల్చేస్తుంది.

వాస్తవం: అట్రజిన్ రెండో కాంతి వ్యవస్థలోని డీ1 ప్రోటీనులో, ప్లాస్టోక్వినోన్ (పైన చెప్పిన క్వినోన్లలో ఎలక్ట్రాన్లను ముందుకు తీసుకెళ్లేది) కూర్చోవలసిన గుంటలో తాను కూర్చుంటుంది. దానితో ఎలక్ట్రాన్లకు ముందుకు దారి ఉండదు. కాంతి మాత్రం పడుతూనే ఉంటుంది, పత్రహరితం పీల్చిన శక్తిలో కొంత పక్కనున్న ఆక్సిజన్‌కు చేరి దానిని తీవ్రంగా చర్య జరిపే రూపానికి మారుస్తుంది, అది పొరలను ధ్వంసం చేస్తుంది. మొక్క ఆకలితో చచ్చేలోపే ఈ దెబ్బకు పోతుంది. మొక్కజొన్న బతికేది తన ఎంజైములతో అట్రజిన్‌కు గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తగిలించి విషాన్ని విరిచేయగలదు కనుక. మన తోటకూరకు దగ్గరి చుట్టమైన అమరాంథస్ హైబ్రిడస్ అనే కలుపు మరో దారి పట్టింది. డీ1 ప్రోటీను 264వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లైసీన్ అనే మరొకటి ఉండటం వల్ల మందు ఆ గుంటలో నిలవలేకపోతోందని 1983లో గుర్తించారు. ఆ మార్పుతో మొక్క మందును తట్టుకుంటుంది, కానీ ఒక క్వినోన్ నుంచి మరొకదానికి ఎలక్ట్రాన్ వెళ్లడం దానిలో మామూలు మొక్కలకంటే నెమ్మదిస్తుంది.