పిండం ఎవరికి చేరుతుంది: ప్రాణహిత ఒడ్డున ఒక పాత ప్రశ్న

గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఇంట్లో ఎవరైనా పోతే, తెలుగు కుటుంబాలు గోదావరి దాటి కాళేశ్వరం వెళ్లి, ఆ నదిలో ప్రాణహిత కలిసే చోట అస్థికలు కలిపి పిండం పెట్టి, కాకి ముట్టేదాకా కళ్లలో వత్తులు వేసుకుని ఎదురు చూస్తాయి. అంబేడ్కర్ బాటలో బౌద్ధ దీక్ష తీసుకున్న కుటుంబాలు పిండం పెట్టవు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఆరవది, శ్రాద్ధం చేయను, పిండదానం చేయను అన్నదే. రెండు రోజుల తర్వాత, 16న, చాందాలోనూ దీక్ష జరిగింది. చాందా అంటే నేటి చంద్రపూర్. 1982లో గడ్చిరోలి వేరు పడేవరకు సిరొంచ ఆ జిల్లాలోనిదే. పిండం పెట్టనివారికి చనిపోయిన పెద్దల మీద ప్రేమ లేదని అనడం అన్యాయం. పోయినవాడిలో మిగిలేది ఏమిటన్న విషయంలో రెండు సంప్రదాయాలూ ఇచ్చుకున్న జవాబులే వేరు.

ఈ ప్రశ్నను వైదికులు బౌద్ధుల నుంచి నేర్చుకోలేదు. బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: చనిపోయినవాడి వాక్కు అగ్నిలో, ప్రాణం వాయువులో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే, ఇక ఆ మనిషి ఎక్కడ ఉంటాడు? ఇది నలుగురిలో చెప్పుకునే మాట కాదని యాజ్ఞవల్క్యుడు అతని చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోతాడు. అక్కడ వాళ్లు మాట్లాడుకున్నది కర్మ గురించే. పుణ్యకర్మతో పుణ్యుడవుతాడు, పాపకర్మతో పాపి అవుతాడు అన్నంత వరకే ఆ ఘట్టం తేలుస్తుంది. ఆ సంశయాన్ని అంత నిజాయితీగా నిలిపి ఉంచిన చోటు ఉపనిషత్తుల్లో అరుదని నా అభిప్రాయం. అదే గ్రంథంలో మరోచోట, గడ్డిపోచ చివరకు చేరిన పురుగు ఇంకో పోచను పట్టుకున్నాకే మొదటిదాన్ని వదిలినట్లు ఆత్మ దేహం మారుతుందన్న పోలిక వస్తుంది. చిరిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకోవడమని గీత చెప్పింది. గరుడపురాణం నాటికి ఈ ఆలోచన కర్మకాండగా కుదురుకుంది: పది రోజుల పిండాలతో ప్రేతానికి ఒక్కో అవయవం చొప్పున శరీరం ఏర్పడుతుందని, సపిండీకరణంతో, అంటే ఆ ప్రేతపిండాన్ని పెద్దల పిండాల్లో కలిపే కర్మతో, అది పితృదేవతలలో కలుస్తుందని నమ్మకం. అంటే పిండం అందుకునేవాడు ఒకడు ఉన్నాడనేది ఇక్కడ ముందే ఒప్పుకున్న విషయం.

ఆ ఒకణ్ణే బుద్ధుడు ఒప్పుకోలేదు. రూపం, వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే, మనిషిని కూర్చే అయిదు స్కంధాలలో దేన్ని పట్టి చూసినా ఇది నేను, ఇది నాది అనదగినది లేదని ఆయన బోధించాడు. అయినా పునర్జన్మను ఆయన కాదనలేదు. అక్కడే చిక్కు వచ్చింది. మిలిందుడు, అంటే యవన (గ్రీకు) రాజు మెనాండర్, బౌద్ధ భిక్షువు నాగసేనుణ్ణి అడిగింది కూడా అదే: మళ్లీ పుట్టేవాడు అతడేనా, వేరొకడా? అతడూ కాదు, వేరొకడూ కాదు అన్నది జవాబు. ఒక దీపంతో ఇంకో దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపం నుంచి ఏదీ నడిచి వెళ్లదు, అయినా వెలుగు అందుతుంది.

ఈ జవాబు బౌద్ధులందరికీ చాలలేదు. వాత్సీపుత్రీయులనే బౌద్ధ శాఖవారు స్కంధాలతో ఒకటీ కాని, వాటికి వేరూ కాని పుద్గలుణ్ణి, అంటే ఒక వ్యక్తిని, ఒప్పుకున్నారు. బౌద్ధ పండితుడు వసుబంధుడు తన అభిధర్మకోశం చివరి ప్రకరణంలో ఆ వాదాన్ని ఖండించాడు. ఆత్మను ఒప్పుకునే న్యాయదర్శనం వారు, నైయాయికులది మరో పట్టు: కంటితో చూసిందాన్నే చేత్తో తాకానని గుర్తించేవాడు ఒక్కడే అయి ఉండాలి కదా, ఆ ఒక్కడే ఆత్మ అని వాళ్లు వాదించారు. ఈ వాదం శతాబ్దాలు నడిచింది.

అంబేడ్కర్ ఈ చిక్కును దాటవేయలేదు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో, ఆత్మ లేకపోతే కర్మ, పునర్జన్మ ఎలా అన్న ప్రశ్నను తేల్చవలసిన సమస్యల్లో ఒకటిగా ఎత్తిచూపాడు. ఆయన సమాధానం ప్రకారం శరీరంలోని పృథ్వి, జలం, తేజస్సు, వాయువు ప్రకృతిలోని తమ రాశుల్లో కలిసి, మళ్లీ కొత్త కూడికల్లోకి వస్తాయి; ఆత్మ మాత్రం తిరిగి పుట్టదు. సంప్రదాయ బౌద్ధులు దీన్ని పూర్తిగా ఒప్పుకోరు. శ్రీలంకలో చనిపోయినవారి పేరున భిక్షువులకు భోజనం పెట్టి, ఆ పుణ్యాన్ని వారికి అందజేయడం ఇప్పటికీ ఉంది. అంబేడ్కర్ సమాధానంతో కలిపి చూస్తే, ఆరవ ప్రతిజ్ఞ బ్రాహ్మణ పౌరోహిత్యాన్ని మాత్రమే కాక, పోయినవాడు ఎక్కడో ఆకలితో ఎదురుచూస్తున్నాడన్న భావననే వదిలిపెట్టమని చంద్రపూర్, గడ్చిరోలి ఇళ్లను అడిగింది.