గోడ షెల్ఫు, సొంతంగా వెల్డు చేసుకునే బ్రాకెట్లు: అపోహలు - వాస్తవాలు

గోడ షెల్ఫు ఊడి పడిందంటే అందరి చూపూ ముందు వెల్డింగ్ మీదికే పోతుంది. ఇంటి షెల్ఫుల్లో వెల్డింగ్ విరిగేది చాలా తక్కువ. గోడలో ఉన్న పై స్క్రూ బయటికి వచ్చేదే ఎక్కువ. నల్లగొండ, పాలమూరు వైపు వెల్డింగ్ షాపుల్లో, టింబర్ డిపోల దగ్గర, సుతారి మేస్త్రుల నోట వినిపించే మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూద్దాం. లెక్కలన్నీ ఒకే షెల్ఫుకు వేశాం: పొడవు 900 మి.మీ. (3 అడుగులు), వెడల్పు 250 మి.మీ., చెక్క మందం 25 మి.మీ., రెండు బ్రాకెట్లు, మీద 30 కిలోల పుస్తకాలు.

అపోహ: ఇనుము ఎంత మందముంటే షెల్ఫు అంత గట్టి.

బరువు చెక్కను కిందికి నొక్కుతుంటే, బ్రాకెట్ పై కొస గోడను వదిలి బయటికి రావాలని చూస్తుంది. కింది కొస గోడకు ఆని ఉంటుంది కాబట్టి బ్రాకెట్ తిరిగేది అక్కడే. పై స్క్రూ మీద పడే లాగుడుకు ఇనుము మందంతో సంబంధం లేదు. పై స్క్రూ నుంచి బ్రాకెట్ కింది కొస దాకా ఎంత దూరముందన్నదే లెక్క.

చెక్కతో కలిపి మొత్తం 34 కిలోలనుకుంటే ఒక్కో బ్రాకెట్‌కు 17 వస్తాయి. ఆ బరువు గోడకు 125 మి.మీ. ముందు ఉంటుంది. గోడ పట్టీ 100 మి.మీ. మాత్రమే పెట్టి, పై రంధ్రం 25 మి.మీ. కిందికి వేస్తే మిగిలే దూరం 75. అప్పుడు లాగుడు 17×125÷75, అంటే సుమారు 28 కిలోలు. గోడ పట్టీ 250 మి.మీ. పెడితే దూరం 225 అవుతుంది, లాగుడు తొమ్మిదిన్నర కిలోలకు దిగుతుంది. 25 కిలోల పిల్లగాడు బ్రాకెట్ ఉన్నచోట ముందు అంచు పట్టుకొని వేలాడితే ఆ ఒక్కడి బరువుకే పొట్టి పట్టీ పై స్క్రూ మీద 83 కిలోలు, పొడుగు పట్టీ పై స్క్రూ మీద 28 కిలోలు పడతాయి. చాలామంది పొడుగు చేతిని చెక్క కింద పెట్టి పొట్టి చేతిని గోడకు పెడతారు. చేయాల్సింది దానికి తలకిందులుగా.

మందం అసలు పనికిరాదని కాదు. వెల్లకిలా పరిచిన 25×5 మి.మీ. పట్టీతో ఒట్టి ఎల్ ఆకారం చేస్తే, ఈ బరువుకే మూల దగ్గర వంగే హద్దుకు చేరుతుంది. మందం పెంచే బదులు ఒక ఏటవాలు ఆసరా పెట్టండి, ఆ బెంగ తీరిపోతుంది. మేం వాడే కొలతలు ఇవి: పై పట్టీ 220 మి.మీ., గోడ పట్టీ 250 మి.మీ., ఆసరా 250 మి.మీ. ఆసరా పై కొస గోడ నుంచి 150 మి.మీ. ముందుకు, కింది కొస చెక్క నుంచి 200 మి.మీ. కిందికి రావాలి. రెండు బ్రాకెట్లకూ కలిపి 25×5 పట్టీ 5 అడుగుల ముక్క చాలు, తూకం కిలోన్నర.

రంధ్రాలు వెల్డింగ్‌కు ముందే వేయాలి. కింది రంధ్రం ఆసరా కాలు దాటాక, పై కొస నుంచి 228 మి.మీ. దగ్గర ఉండాలి. పైకి వేస్తే ఆసరా అడ్డమొచ్చి స్క్రూ బిగించలేరు. పై రంధ్రం ముందు కూడా ఆసరా ఉంటుంది కాబట్టి అక్కడ డ్రిల్లు మిషన్ పట్టదు. ఆరు పలకల తల స్క్రూ కొని పానాతో బిగించండి.

అపోహ: వెల్డింగ్ ఎంత దిట్టంగా పోస్తే అంత బలం.

సరిగా కరిగి అతికిన 4 మి.మీ. వెల్డింగ్, ఒక్క ఇంచు పొడవున్నా వందల కిలోల లాగుడుకు ఆగుతుంది. ఇక్కడ కావాల్సింది దానిలో పదో వంతు కూడా లేదు. ఎక్కువ పోస్తే జరిగేది వేరు. చల్లారుతూ వెల్డింగ్ కుంచించుకుపోతుంది, తాను ఉన్న వైపుకు ఇనుమును లాగుతుంది. లోపలి మూలలో పోసిన వెల్డింగ్ 90 డిగ్రీలను 88కి తెస్తుంది. రెండు డిగ్రీలంటే షెల్ఫు ముందు అంచు దగ్గర దాదాపు 9 మి.మీ. వాలు, పెన్ను పెడితే దొర్లిపోతుంది.

అందుకే వరుస ఇలా: మూడు అతుకుల దగ్గరా ముందు టాకాలు (చుక్క వెల్డింగులు) మాత్రమే వేయాలి. పై పట్టీ ముందు కొసను 3, 4 మి.మీ. ఎత్తి పెట్టాలి. ఆసరాకు కూడా టాకా పడ్డాక మూలమట్టం ఆనించి చూసుకోవాలి. అప్పుడు నిండు వెల్డింగ్, అదీ ఒక అతుకు తర్వాత ఇంకో అతుకు మార్చి మార్చి. మొదటి బ్రాకెట్ చల్లారాక దాని మీదే రెండోదాన్ని పరిచి టాకా వేస్తే రెండూ ఒకేలా వస్తాయి.

రాడ్డు 6013 రకం, 2.5 మి.మీ., అంటే షాపులో 12 నంబర్ అనేది. కరెంటు 70 నుంచి 90 ఆంపియర్లు. 10 నంబర్ రాడ్డు పలచటి పట్టీని కాల్చి చిల్లు పెట్టొచ్చు. వానాకాలం చెమ్మ పట్టిన రాడ్డు చిటపటలాడి వెల్డింగ్‌లో బుడగలు వదులుతుంది. 100 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి వాడుకోవచ్చు.

అపోహ: ఇంటి కరెంటు మీద వెల్డింగ్ మిషన్ నడవదు.

80 ఆంపియర్ల పనికి ఇన్వర్టర్ మిషన్ రెండున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. మంచి వైరింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ చాలు. మిషన్‌ను నడవనివ్వనిది సన్నటి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు. 2.5 చదరపు మి.మీ. రాగి వైరుకు తక్కువ వాడొద్దు, చుట్ట చుట్టి ఉన్నప్పుడు అసలే వాడొద్దు.

అపోహ: ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లలో ముంచితే ఇనుము గట్టిపడుతుంది. లారీ కమాను పట్టీ అయితే ఇంకా గట్టి.

గట్టిపడాలంటే ఇనుములో కార్బన్ ఉండాలి. షాపులో అమ్మే మామూలు పట్టీలో అది చాలా తక్కువ కాబట్టి ముంచితే లాభం లేదు, వంకర మాత్రం పెరుగుతుంది. కమాను పట్టీలో కార్బన్ బాగా ఎక్కువ. మామూలు రాడ్డుతో వెల్డు చేసి నీళ్లు పోస్తే వెల్డింగ్ పక్కన ఇనుము గాజులా పెళుసైపోతుంది. ఒక దెబ్బకు పుటుక్కుమంటుంది. పాత ఇనుప సామాను కొట్టులో చవకగా దొరికినా బ్రాకెట్లకు తేవద్దు.

అపోహ: పాలు తాగితే, బెల్లం తింటే వెల్డింగ్ పొగ దిగిపోతుంది.

పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది కడుపులోకి. రెండూ ఎక్కడా కలవవు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చింది. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి కాకుండా పక్క నుంచి వచ్చేలా కూర్చొని చేయండి. జీఐ పైపు (జింకు పూత పైపు) ముక్కలతో బ్రాకెట్ చేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. జింకు పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి జ్వరం వస్తుంది. అతుకుకు రెండు వైపులా ఇంచు మేర పూతను గ్రైండర్‌తో తీసేశాకే రాడ్డు పెట్టాలి, ఆ పనికీ మాస్కు ఉండాలి.

కళ్ల మాట కూడా ఇక్కడే. చలువ కళ్లద్దాలు వెల్డింగ్‌కు పనికిరావు, 10 నంబర్ నల్ల అద్దం కావాలి. మంట వెంటనే తెలియదు, రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా కంటి డాక్టరుకు చూపించండి.

అపోహ: పెద్ద యాంకర్ బోల్టు వేస్తే ఏ గోడైనా పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ షెల్ఫులు కూలేది ఈ నమ్మకం వల్లే. గోడను బట్టి బిగింపు మారాలి.

ఎర్ర ఇటుక గోడ మీద గిలాబు (ప్లాస్టరింగ్) 12 నుంచి 15 మి.మీ. ఉంటుంది. ప్లాస్టిక్ ప్లగ్ గిలాబులోనే ఆగిపోతే అది పట్టింది సిమెంటు పొట్టును మాత్రమే. 8 మి.మీ. బిట్టుతో 70 మి.మీ. లోతు వేసి, ధూళి ఊదేసి, ప్లగ్ గిలాబును దాటి ఇటుకలోకి దిగేదాకా తట్టాలి. బ్రాకెట్ 5, గిలాబు 15, ఇటుకలో 40 కలిపితే కనీసం 60 మి.మీ. స్క్రూ కావాలి. బిట్టు నుంచి ఎర్ర పొడి రాకుండా ఎంతకీ బూడిద రంగు పొడే వస్తుంటే రెండు ఇటుకల మధ్య సందులో పడ్డట్టు. రంధ్రం కొద్దిగా జరపండి.

నాలుగున్నర ఇంచుల అడ్డగోడ మీద విచ్చుకునే యాంకర్ బిగిస్తే ఇటుక పగిలే ప్రమాదముంది. పుస్తకాల బరువైతే గోడ అవతలికి రంధ్రం వేసి, 8 మి.మీ. బోల్టు దూర్చి, వెనక 50×50 ఇనుప బిళ్ల పెట్టి నట్టు బిగించడమే మేలు. గుల్ల సిమెంటు ఇటుకలకూ ఇదే దారి. వాటి పెంకు పలచన, హ్యామర్ డ్రిల్లు పెడితే లోపలి వైపు పెళ్లలు లేస్తుంది.

పాత ఇళ్ల రాతి గోడల్లో రాళ్ల మధ్య ఉండేది మట్టి లేదా సున్నం. అందులో ప్లగ్ పెడితే బొంగరంలా తిరుగుతుంది. రాయి ముఖం దొరికితే అందులోనే రంధ్రం వేయాలి, నల్లరాయికి హ్యామర్ డ్రిల్లు తప్పదు. రాయి అనుకూలంగా లేకపోతే 100 మి.మీ. లోతు గుంట తొలిచి, తడిపి, కొస వంచిన 10 మి.మీ. మర సలాకను సిమెంటుతో పాతి వారం రోజులు తడుపుతూ ఉంచాలి. మరుసటి రోజే బ్రాకెట్ తగిలించారో, ఆ పనంతా వృథా.

అపోహ: బ్రాకెట్లు చెక్క రెండు చివర్లలో ఉంటేనే బాగా ఆగుతుంది.

చివర్లలో పెడితే నడుమ వంగుతుంది. ఒక్కో కొస నుంచి పొడవులో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ లోపలికి జరపండి. 900 మి.మీ. చెక్కకు అది 200 మి.మీ. అప్పుడు నడుమ దూరం 500 అవుతుంది, వంపు కంటికి కనిపించదు. 18 మి.మీ. ప్లైవుడ్‌తో పుస్తకాల షెల్ఫు చేస్తే బ్రాకెట్ల మధ్య 600 మి.మీ. దాటొద్దు. చెక్క మందం రెండింతలైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, కాబట్టి డబ్బు పెట్టదలిస్తే ఇనుము మీద కాదు, ఇక్కడ పెట్టండి.

అపోహ: టేకు కదలదు, వేపకు పురుగు పట్టదు.

టేకు తక్కువ కదులుతుంది, అంతే. మే నెల ఎండకూ ఆగస్టు చెమ్మకూ మధ్య 250 మి.మీ. వెడల్పు పలకలో మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. బ్రాకెట్ పై పట్టీలో వెనక రంధ్రం గుండ్రంగా, ముందు రంధ్రం పొడుగ్గా వేస్తే చెక్క ఆడుతుంది, చీలదు. వేపైనా, టేకైనా చేవ ఉన్న ముక్కకే ఆ పేరు. అంచున ఉండే తెల్లచెక్క పుచ్చుతుంది. తాజాగా కోసిన వేప పలక చవకని తెచ్చి వెంటనే బిగిస్తే మొదటి ఎండాకాలంలోనే దోనెలా తిరుగుతుంది.

స్క్రూ పొడవు చూసుకోండి. 25 మి.మీ. పలకకు ఇంచు స్క్రూ సరే. 18 మి.మీ. ప్లైవుడ్‌కు అదే వేస్తే 5 మి.మీ. పట్టీ పోను 20 మి.మీ. లోపలికి దిగి మొన పైకి తేలుతుంది, ముప్పావు ఇంచు స్క్రూ వాడాలి. చెక్కకూ గోడకూ మధ్య 4, 5 మి.మీ. సందు వదిలితే గోడ చెమ్మ ఎక్కదు, చెదలు మట్టి కడితే కంటపడుతుంది.

అపోహ: మన దగ్గర ఎండలే ఎక్కువ, బ్రాకెట్‌కు రెడ్ ఆక్సైడ్ ఒక్కటీ చాలు.

రెడ్ ఆక్సైడ్ అడుగు పూత మాత్రమే, దాని మీద ఎనామిల్ రెండు పూతలు పడాలి. అంతకుముందు వెల్డింగ్ మీద గట్టిపడ్డ తొక్కను (స్లాగ్‌ను) సుత్తితో కొట్టి బ్రష్షుతో రుద్దాలి, లేకపోతే రంగు దానితోపాటే పెచ్చుగా లేస్తుంది. గోడకు ఆనే ముఖానికీ, చెక్కకు ఆనే ముఖానికీ బిగించకముందే వేయాలి. తుమ్మ, టేకు చెక్కలకు ఒట్టి ఇనుము తగిలి చెమ్మ చేరితే నల్లటి మరక పడుతుంది. పాలిష్‌తో అది పోదు.

బిగించేటప్పుడు రసమట్టమే (స్పిరిట్ లెవెల్) నమ్మండి. ఇంటి నేలను నీళ్లు పోయేందుకు వాటంగా వేసి ఉండొచ్చు, నేల నుంచి టేపుతో కొలిస్తే షెల్ఫు కూడా వాలుతుంది.

అపోహ: చేత్తో ఊపి చూస్తే కదలకపోతే బిగింపు సరిపోయినట్టే.

25 కిలోల బియ్యం సంచి ఒకటి షెల్ఫు నడుమ, ముందు అంచుకు దగ్గరగా పెట్టి ఒక రాత్రి వదలండి. తెల్లారి బ్రాకెట్ పై కొస వెనక, గోడకూ ఇనుముకూ మధ్య, నోటుబుక్కు కాగితం దూర్చి చూడండి. సంచి పెట్టకముందు దూరని కాగితం ఇప్పుడు దూరితే పై స్క్రూ జారుతున్నట్టే. దాన్ని ఇంకో చుట్టు బిగించి ఊరుకోవద్దు. షెల్ఫు దించి, ఇంచు పక్కకు కొత్త రంధ్రం వేసి, 10 మి.మీ. ప్లగ్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడా పట్టకపోతే ఆ గోడకు అవతలి వైపు బిళ్ల వేయక తప్పదు.