అసలు పేరు అడిగితే నోరు అదుపులో ఉంటుందా?

ఆన్‌లైన్ చర్చల్లో వాదన సన్నగిల్లి తిట్లు పెరిగాయన్న ఫిర్యాదు మళ్లీ రచ్చకెక్కింది. ప్రతిసారీ దాని వెంట వచ్చే మందు కూడా వచ్చేసింది: మారుపేర్లు రద్దు చేయాలని, రాసేవారందరి గుర్తింపు కార్డులూ సరిచూడాలని. వెబ్‌కు ముందు నుంచీ నడిచిన ఆన్‌లైన్ చర్చావేదిక యూజ్‌నెట్ కాలపు పెద్దమనిషి తరహా, 1993 సెప్టెంబరు నుంచి కొత్తవారి వెల్లువలో అది కొట్టుకుపోయిన తీరు చాలామందికి తెలిసినవే కనుక వాటిని వదిలేద్దాం. ఇప్పటి వివాదానికి పనికొచ్చేది ఆ తర్వాతి కథ.

మారుపేరే దోషి అనేవారి వాదనలో బలం లేకపోలేదు. ఎవరో తెలియదన్న ధీమా ఉన్నప్పుడు, ముఖాముఖి అనలేని మాట సులువుగా బయటికి వస్తుంది. అయితే ఈ మందును ఒక దేశం ఇప్పటికే వాడి చూసింది. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవారి గుర్తింపును సరిచూడటం తప్పనిసరి చేసి, 2009లో రోజుకు లక్ష మందికి పైగా వచ్చే సైట్లకూ ఆ నిబంధనను విస్తరించింది. 2011లో అక్కడి ఒక పెద్ద పోర్టల్ నుంచి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలను హ్యాకర్లు ఎత్తుకుపోయారు. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగినంతగా తగ్గలేదంటూ 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఫేస్‌బుక్‌లోనైతే మొదటి నుంచీ అసలు పేరే నియమం. సొంత ఫొటో పక్కనే, చుట్టాలూ సహోద్యోగులూ చూస్తుండగానే తిట్టేవారికి అక్కడ కొదవ లేదు.

కనుక వాదన తిట్లకు దారితీసిన మలుపును పేరులో కాక, ఇతరుల మాటలను మెచ్చుకోవడానికో పంచడానికో నొక్కే బటన్‌లో వెతకాలి. స్లాష్‌డాట్ అనే సాంకేతిక వార్తల సైట్ 1990ల చివరి నాటికే పాఠకులే వ్యాఖ్యలకు మార్కులు వేసే పద్ధతి పెట్టింది. మార్కు ఊరికే పడేది కాదు. 'లోతైనది', 'సమాచారం ఉన్నది', 'కయ్యానికి కాలు దువ్వేది' వంటి కారణాల్లో ఒకటి ఎంచి చూపాలి. ఆ అధికారం కొద్ది రోజులకే పరిమితం. పైగా మార్కులు వేసిన చర్చలోనే తానూ నోరు విప్పితే వేసినవన్నీ రద్దయ్యేవి, తీర్పరి కక్షిదారు కాకూడదని. పేరు చెప్పకుండా రాసేవారిని అక్కడ ఎవరూ వెళ్లగొట్టలేదు. 'అనామక పిరికిపంద' అని సైటే వారికి ఒక పేరు తగిలించి, వారి మాటనూ అదే తక్కెడలో తూచింది.

2009లో ఈ తక్కెడ తిరగబడింది. ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ 'లైక్' వచ్చింది, నవంబరులో ట్విటర్ 'రీట్వీట్' బటన్ వచ్చింది. అంతకుముందు ట్విటర్‌లో ఒకరి మాటను పంచాలంటే దాన్ని కాపీ చేసి, ముందు 'ఆర్‌టీ' (రీట్వీట్‌కు పొట్టి పేరు) అని కొట్టి, రాసినవారి పేరు చేర్చి, మొత్తం 140 అక్షరాల్లో ఇమడటానికి ఎక్కడో ఒక పదం కత్తిరించాల్సి వచ్చేది. ఏ పదం తీసేయాలో తేల్చుకోవాలంటే చదవక తప్పదు. బటన్ వచ్చాక కారణం చెప్పే అవసరంతో పాటు ఆ చదివే అవసరమూ పోయింది. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించిన క్రిస్ వెదరెల్, నాలుగేళ్ల పిల్లవాడి చేతికి తూటాలు నింపిన తుపాకీ ఇచ్చినట్లనిపించిందని 2019లో ఒప్పుకున్నారు. ఈ వివాదంలో అంతకంటే దగ్గరి సాక్షి దొరకడం కష్టం.

ఆ తర్వాతి ఏళ్లలో బటన్ల లెక్కే ఎవరికి ఏది కనిపించాలో తేల్చసాగింది. 2017లో ఫేస్‌బుక్ తన లెక్కలో 'కోపం' గుర్తుకు లైక్‌ కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చిందని 2021లో బయటపడ్డ అంతర్గత పత్రాలు చెబుతున్నాయి. ఆ విలువను సున్నాకు దించింది 2020 సెప్టెంబరులో గానీ కాదు. మధ్యలో కోపగించుకున్నవారిలో చాలామంది అసలు పేర్లతోనే ఉన్నారు.

ఆ 2020లోనే అమెరికా ఎన్నికల ముందు ట్విటర్ ఆ పాత కత్తిరింపు కాలాన్ని కొంతవరకు తిరిగి తెచ్చి చూసింది. రీట్వీట్ నొక్కగానే, సొంత మాట ఒకటి చేర్చమన్నట్లు ఖాళీ పెట్టె తెరుచుకునేది. పంచడం మొత్తం మీద 20 శాతం తగ్గిందని సంస్థే ప్రకటించింది. కాకపోతే అదనంగా వచ్చిన వ్యాఖ్యల్లో 45 శాతం ఒక్క పదపు ఆమోదాలే. పెట్టె ఇచ్చినంత మాత్రాన అందులో వాదన పుట్టలేదు. వేగం మాత్రం తగ్గింది. ఆ తగ్గుదలను నిలుపుకోవాలని సంస్థ అనుకోలేదు. డిసెంబరు 16న ప్రయోగం ముగిసి, పాత బటన్ తన చోటికి తిరిగి వచ్చింది.