వీర్య పరీక్షలో ఆ 42 శాతం ఎక్కడిది?

వీర్య పరీక్ష రిపోర్టులో 'కదలిక 38 శాతం' అని, అంటే వందలో 38 శుక్రకణాలే కదులుతున్నాయని ఉండి, పక్కనే '42కు తగ్గకూడదు' అని కనిపిస్తే చాలు, ఇంట్లో దిగులు మొదలవుతుంది. ఆ 42 ఎలా వచ్చిందో డాక్టర్లు ముందే చెబితే ఎంత బాగుంటుంది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ప్రమాణాల్లోని అంకె అది. ఏడాదిలోపే భార్య గర్భవతి అయిన పురుషుల ఫలితాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, అట్టడుగు 5 శాతం దగ్గర గీత గీశారు. అంటే ఆ గీతకు దిగువన ఉన్నవాళ్లూ తండ్రులైనవాళ్లే. గీత దాటితే సంతానం ఖాయమనీ కాదు. 2010లో ఇదే గీత 40 దగ్గర ఉండేది.

కదలికంతా ఒకటి కాదు. ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద కనీసం 200 శుక్రకణాలను లెక్కించి విడదీస్తారు. కొన్ని సెకనుకు 25 మైక్రోమీటర్లు, అంతకు మించిన వేగంతో ముందుకు సాగుతాయి. కొన్ని మెల్లగా వెళతాయి. కొన్ని ఉన్నచోటే తోక ఆడిస్తాయి. అండాన్ని చేరాలంటే ముందుకు సాగాలి కాబట్టి, వేగంగానో మెల్లగానో ముందుకు సాగేవాటిని కలిపి చూపే వరుసను రిపోర్టులో విడిగా చూడాలి. దాని కనీస ప్రమాణం 30 శాతం.

కదలనివన్నీ చనిపోయినవి కావు. ఇయోసిన్ అనే రంగు కలిపితే చనిపోయిన కణం తల గులాబీ రంగుకు తిరుగుతుంది, బతికున్నది తెల్లగానే ఉంటుంది. అరుదుగా కొందరిలో తోకను ఆడించే డైనీన్ అనే ప్రోటీన్ లోపించి, బతికున్న కణాలు కూడా కదలవు. అలాంటప్పుడు బతికున్న కణాన్ని ఎంచి నేరుగా అండంలోకి పంపే 'ఇక్సీ' పద్ధతి ఉంది.

ఫలితం తక్కువగా వస్తే, ఆ ఒక్క రిపోర్టుతోనే తీర్మానించుకోవద్దు. శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే రెండు నెలల కిందటి తీవ్ర జ్వరం ఇవాళ్టి ఫలితంలో కనిపించవచ్చు. శాంపిల్ దారిలో చల్లబడినా కదలిక తగ్గుతుంది. వీర్యస్ఖలనం లేకుండా 2 నుంచి 7 రోజుల విరామం పాటించి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అవి వీర్యకణాల తయారీనే ఆపేయగలవు.

పిల్లలు కలగకపోతే ఇప్పటికీ మన ఇళ్లలో భార్యనే ముందు ఆసుపత్రికి తీసుకెళతారు. ఇది అన్యాయం. సూది కూడా గుచ్చనక్కర్లేని ఈ పరీక్ష మొదటి రోజే భర్తకూ జరగాలి.