ఇత్తడి హారన్, కుక్క బొమ్మ ఉంటే ఒరిజినలేనా? పాత గ్రామఫోన్లపై అపోహలు – వాస్తవాలు

పాత గ్రామఫోన్లు విప్పి, బాగుచేసి, మళ్లీ పాడించడం నా పని. బల్ల మీదికి వచ్చే ప్రతి మెషీన్‌తో పాటు ఒక కథ కూడా వస్తుంది. నూట ఇరవై ఏళ్ల నాటిదట, ఏదో రాజభవనంలోదట, ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదట. అమ్మినవాళ్లు చెప్పిందే కొన్నవాళ్లూ చెబుతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ నాలుగు స్క్రూలు తీసి మోటారు బోర్డు పైకెత్తితే అసలు సంగతి బయటపడుతుంది. నాకు తరచూ వినబడే మాటల్లో కొన్నింటి నిజానిజాలు రాస్తున్నాను.

అపోహ: పెద్ద ఇత్తడి హారన్, ముందు కుక్క బొమ్మ ఉంటే అది ఒరిజినల్ హెచ్‌ఎంవీయే (హిజ్ మాస్టర్స్ వాయిస్, ఆ కుక్క బొమ్మే దాని గుర్తు).

వాస్తవం: నేను మొదట అనుమానించేది ఈ రెండింటినే. లండన్ పోర్టబెల్లో రోడ్డు కావచ్చు, పారిస్ శివార్లలోని సెంటువాన్ సంత కావచ్చు, ఆన్‌లైన్ వేలం కావచ్చు, తళతళలాడే హారన్ గ్రామఫోన్ కనబడితే అది గత కొన్ని దశాబ్దాల్లో అతికించి తయారుచేసిందేమో చూసుకోవాలి. ఇలాంటివి చాలావరకు భారతదేశంలో తయారై దేశదేశాలకూ వెళ్లాయి. పాడైన పోర్టబుల్ గ్రామఫోన్ నుంచి మోటారు పీకుతారు. దాన్ని కొత్త చెక్కపెట్టెలో బిగించి, పల్చటి ఇత్తడి రేకుతో హారన్ చేసి తగిలిస్తారు. పాత వస్తువులు సేకరించే ఇంగ్లిష్ వాళ్లు వీటిని వెక్కిరింపుగా క్రాపోఫోన్లు అంటారు, ‘క్రాప్’ అంటే చెత్త. గదిలో అలంకారానికి పెట్టుకుంటానంటే ఎవరికీ అభ్యంతరం లేదు, పురాతన వస్తువు ధర పెట్టి కొంటేనే బాధ.

పట్టుకోవడం మరీ కష్టమేం కాదు. టర్న్‌టేబుల్‌ను రెండు చేతులతో నిటారుగా పైకి లాగండి, చాలా మెషీన్లలో అది ఊడి వస్తుంది. కింద బోర్డులో ఏ స్క్రూకీ పనికిరాని కన్నాలున్నాయా? హ్యాండిల్ దూరే రంధ్రం అంచు ఉలితో చెక్కినట్టు గరుకుగా ఉందా? అలా ఉంటే ఆ మోటారు ఇంకో పెట్టెలోంచి వచ్చిందనే అర్థం. తర్వాత వెనకవైపు చూడండి. అసలైన వాటిలో హారన్ బరువును పెట్టె వెనక గట్టి లోహపు బ్రాకెట్ మోస్తుంది, టోన్ ఆర్మ్ (సూది దగ్గరి శబ్దాన్ని హారన్‌కు చేర్చే గొట్టం) మాత్రం సాఫీగా అటూ ఇటూ తిరుగుతుంది. నకిలీలో టోన్ ఆర్మ్‌ను హారన్‌తో కలిపే మోచేయి లాంటి కీలు వదులుగా ఉంటుంది, ఆ సందుల్లోంచే సగం శబ్దం పోతుంది. కుక్క బొమ్మ ఉన్న పెద్ద ఇత్తడి బిళ్లను పెట్టె ముందు మేకులతో కొట్టి ఉంటే ఇక నేను వేరే ఆధారం వెతకను.

ఇత్తడి హారన్లు అసలు ఉండేవి కావని కాదు, ఉండేవి. కానీ అప్పట్లో అమ్ముడైన హారన్లలో ఎన్నో రంగు వేసిన ఉక్కు రేకువి. పూరేకుల్లా మడతలున్న ఆ హారన్ రంగు వెలిసి, అక్కడక్కడ పెచ్చులూడి ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

అపోహ: ఆ కుక్క చనిపోయిన యజమాని శవపేటిక మీద కూర్చుని ఆయన గొంతు వింటోంది.

వాస్తవం: కథ బాగుంది, అందుకే చావడం లేదు. నిప్పర్ అనే ఆ కుక్క మార్క్ బరో అనే ఆయనది. 1887లో ఆయన చనిపోయాక తమ్ముడు, చిత్రకారుడైన ఫ్రాన్సిస్ బరో దగ్గరికి చేరింది. 1895లో కుక్క కూడా పోయింది, బొమ్మ ఆ తర్వాత వేసింది. మొదట అందులో ఉన్నది గ్రామఫోన్ కూడా కాదు, సిలిండర్ తిరిగే ఫోనోగ్రాఫ్. 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ, ఆ మెషీన్ తీసేసి తమది వేస్తే కొంటామంది. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు ఇంకో 50 పౌండ్లు ఇచ్చింది. అసలు చిత్రంలో పై రంగు కింద పాత ఫోనోగ్రాఫ్ జాడ కనబడుతుంది. శవపేటిక అనుకునేది మెరిసే బల్ల, అంతే.

అపోహ: గ్రామఫోన్‌ను ఎడిసన్ కనిపెట్టాడు. పాత రికార్డులన్నీ ఏ మెషీన్ మీదైనా పాడతాయి.

వాస్తవం: 1877లో ఎడిసన్ చేసింది సిలిండర్ మెషీన్. బల్లపరుపు రికార్డు మీద పాడే గ్రామఫోన్‌కు 1887లో పేటెంట్ తీసుకున్నది ఎమిల్ బెర్లినర్. సంతకు మొదట వచ్చిన గ్రామఫోన్ పిల్లల ఆటవస్తువు! 1890 ప్రాంతంలో జర్మనీలో ఒక బొమ్మల కంపెనీ తయారుచేసింది, చేత్తో తిప్పుతూ ఉండాలి. స్ప్రింగ్ మోటారు వచ్చాకే ఇది పెద్దవాళ్ల వస్తువైంది.

రెండో మాట వల్ల నష్టం ఎక్కువ. మామూలు 78 రికార్డులో (నిమిషానికి దాదాపు 78 చుట్లు తిరిగేది) సూది పక్కలకు కదులుతుంది. ఎడిసన్ 1912లో తెచ్చిన మందపాటి డైమండ్ డిస్కుల్లో పైకీ కిందికీ కదులుతుంది. వాటి మీద ఉక్కు సూది పెడితే గాడి పాడవుతుంది. ఫ్రాన్స్‌లోని ‘పాతే’ అనే కంపెనీ రికార్డులకు కొన గుండ్రంగా ఉండే నీలమణి సూది కావాలి, వాటిలో తొలినాటివి కొన్ని మధ్యలో మొదలై అంచు వైపు పాడతాయి. సంతలో కట్టలు కట్టలుగా కొనేవాళ్లు ఇంటికెళ్లి అన్నింటినీ ఒకే మెషీన్ మీద పెట్టేస్తారు, అదే నా టెన్షన్.

అపోహ: ఒక సూదితో వారాల తరబడి పాడించుకోవచ్చు.

వాస్తవం: మామూలు ఉక్కు సూది అయితే రికార్డు ఒక వైపుకు ఒకటి. పిసినారితనం చూపాల్సిన చోటు ఇది కాదు. 78 రికార్డు ఒట్టి లక్క కాదు, అందులో మెత్తగా నూరిన రాతి పొడి కలుపుతారు. కావాలనే కలుపుతారు. మొదటి కొన్ని చుట్లలోనే ఆ పొడి సూది కొనను అరగదీసి గాడికి సరిపోయేలా మలుస్తుంది. మూడు నాలుగు నిమిషాల పాట అయ్యేసరికి కొన రెండు పక్కలా చదునైపోయి అంచులు పదునెక్కుతాయి. భూతద్దం కింద పెడితే ఉలి మొనలా కనబడుతుంది. అదే సూదిని ఇంకో రికార్డు అంచున దించితే, ఆ మొన గాడి గోడలను చెక్కుకుంటూ పోతుంది. నల్లగా మెరవాల్సిన రికార్డు మీద బూడిదరంగు పట్టీ కనబడితే ఈ పని ఎవరో ముందే చేశారన్నమాట.

ఎల్పీలు (78ల తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డులు) మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. ఇప్పటి రికార్డ్ ప్లేయర్ సూది మోపే బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. గ్రామఫోన్‌లో సూది బిగించే గుండ్రటి సౌండ్ బాక్స్ బరువు వంద గ్రాములు దాటుతుంది. ఒక్కసారి చాలు, ఎల్పీ పని అయిపోతుంది.

అపోహ: హారన్ లేకపోతే అది తక్కువ రకం.

వాస్తవం: 1906లో అమెరికాలో విక్టర్ కంపెనీ హారన్‌ను పెట్టె లోపల దాచి విక్ట్రోలా తెచ్చింది. తర్వాత జనం వాటినే ఎగబడి కొన్నారు. 1925లో మైక్రోఫోన్‌తో రికార్డింగ్ మొదలయ్యాక వచ్చిన ఆర్థోఫోనిక్ విక్ట్రోలాల్లో మడతలు పెట్టిన పొడవాటి హారన్ లోపలే ఉంటుంది. కరెంటు లేకుండా అంత నిండుగా పాడే మెషీన్ నా బల్ల మీదికి ఎప్పుడొచ్చినా పని ఆపి వింటాను.

అపోహ: కీ ఎక్కువ ఇస్తే స్ప్రింగ్ బిగుసుకుపోతుంది.

వాస్తవం: నిండా కీ ఇచ్చినంత మాత్రాన ఏమీ కాదు. తిరగడం లేదంటే సాధారణంగా గ్రీజు గట్టిపడిందనో, స్ప్రింగ్ తెగిందనో అర్థం. అది చూద్దామని స్ప్రింగ్ ఉండే డ్రమ్ము మూత మీరే తీయకండి, లోపలి స్ప్రింగ్ ఎగిరి వచ్చి చేతులు కోసేస్తుంది.

అపోహ: పాత రికార్డు అంటేనే బోలెడు డబ్బు.

వాస్తవం: ఇటలీ ఒపెరా గాయకుడు ఎన్రికో కరూసో 1902లో మిలన్ హోటల్ గదిలో పాడినప్పటి నుంచి ఆయన రికార్డులు కుప్పలుతెప్పలుగా అమ్ముడయ్యాయి, అందుకే వాటిలో చాలావాటికి ఇప్పుడు పెద్ద ధర పలకదు. అదే అమెరికన్ బ్లూస్ గాయకుడు టామీ జాన్సన్ రికార్డు ఒకటి 2013లో ఈబేలో 37,100 డాలర్లు పలికింది. ఆ రికార్డు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వయసు కన్నా ఎన్ని మిగిలాయన్నదే ధర తేలుస్తుంది.

లేబుల్ మీద జర్మనీ ఊరు హానోవర్ పేరు ఉంటే జర్మన్ పాటలని పక్కన పడేసేవాళ్లున్నారు. గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ చేత పాడించిన రికార్డులు కూడా అచ్చయింది హానోవర్‌లోనే. కలకత్తాలో ఫ్యాక్టరీ 1908లో వచ్చింది.

అపోహ: తోమి మెరిపించి అమ్మితే ధర పెరుగుతుంది.

వాస్తవం: తరచూ తగ్గుతుంది. నికెల్ పూతను తోమి తోమి కింది ఇత్తడి బయటపెట్టేస్తారు, పాత పాలిష్ గీకి కొత్త వార్నిష్ పూస్తారు. వీటిని వెనక్కి తేలేం. ముందు డబ్బు పెట్టాల్సింది సౌండ్ బాక్స్‌లో అభ్రకం రేకు చుట్టూ ఉండే రబ్బరు రింగులకు. అవి రాయిలా గట్టిపడితే గొంతు కీచుగా, గరగరగా వస్తుంది. మెత్తటి కొత్తవి వేసి బిగింపు సరిచేస్తే చాలాసార్లు అదే మెషీన్‌లో పాట మళ్లీ నిండుగా పలుకుతుంది. అయితే 1920ల చివరి సౌండ్ బాక్సులు కొన్ని జింకు మిశ్రమంతో పోత పోసినవి, అవి కాలం గడిచేకొద్దీ ఉబ్బి పగులుతాయి. జుట్టు మందాన పగులు కనబడినా స్క్రూ బిగించకుండా వదిలేయండి.